ఒరిగిన కరెంటు స్తంభం

ఆ ఫోటో ఫోన్‌లోకి వచ్చినప్పుడు నేను స్టూడియోలో ఓ చంటిపిల్లకి పాస్‌పోర్ట్ ఫోటో తీయలేక అవస్థ పడుతున్నాను. కూర్చోబెడితే కళ్ళు మూస్తుంది, కళ్ళు తెరిపిస్తే ఏడుస్తుంది. ఆ గొడవలోనే ఓ కన్ను ఫోన్ మీద వేశాను. పంపింది మా అక్క. కింద ఒక్క ముక్క రాసింది: "ఎలా వచ్చిందో చూసి చెప్పు, ఏలూరు పంపాలి."

నాకు తాడేపల్లిగూడెంలో స్టూడియో ఉంది. నాన్న పెట్టింది, ఆయన తర్వాత నేను నడుపుతున్నాను. ఫోటో బాగుందా లేదా అని ఎవరైనా అడిగితే నా నోరు ఆగదు. అడక్కపోయినా ఆగదు. పరామర్శకి వెళ్ళిన ఇంట్లో దండ వేసిన పటం చూసి, ముఖం మీద సగం వెలుతురు పోయిందని అనేసి, మా ఆయన చేత దారి పొడుగునా చీవాట్లు తిన్నదాన్ని. అలాంటిది నన్ను అడిగి మరీ చెప్పమంటే ఇంకేముంది, ఆ చంటిపిల్లని వాళ్ళమ్మకి ఒప్పజెప్పి, ఫోటో పెద్దది చేసుకుని కూర్చున్నాను.

ఫోటోలో ఉన్నది మా ఊరి దివాణం. కొల్లేటి ఒడ్డున ఒకప్పటి జమీందారుల మేడ. వాళ్ళు ఎప్పుడో ఊరికి వదిలేసి వెళ్ళారు. మా చిన్నప్పుడు కింది హాల్లో పత్రికలు చదువుకునే గది ఉండేది. ఇప్పుడు అదే హాల్లో అక్క కుట్టుమిషన్ల క్లాసు నడుపుతోంది. స్కూల్లో క్రాఫ్టు టీచరుగా రిటైరైన దగ్గర్నుంచి పొద్దున్న వెళ్తే మధ్యాహ్నం దాకా అక్కడే. ఆమె కుర్చీ కొల్లేటి వైపు గోడకి ఆనుకుని ఉంటుంది, గాలి బాగా తగులుతుందని. ఆ గోడకి పగులు ఉంది. క్రితం ఏడు నేను వెళ్ళినప్పుడు అందులో నాలుగు వేళ్ళు దూర్చి చూశాను.

ఏలూరులో పాత కట్టడాల మీద మమకారం ఉన్న కొందరు ఒక సంఘం పెట్టుకుని, ఈ సంవత్సరం ఒక మేడకి మరమ్మతులు చేయిస్తామన్నారు. ఒక్కో ఊరి నుంచి ఒక్క ఫోటో పంపాలి. ఆ ఫోటోలు చూసి, ఏది ముందు బాగుచేయాలనిపిస్తే అక్కడికి ఇంజనీరుని పంపిస్తారు. వానలు మొదలయ్యేలోపు ఆ ఇంజనీరు మా దివాణానికి రావాలన్నదే నా ఆరాటం. ఆ గోడ ఇంకో వానాకాలం ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు.

ఫోటో మటుకు అద్భుతంగా ఉంది. పెళ్ళిళ్ళకి తీసే కుర్రాడెవరో తీశాడట. పొద్దుటి ఎండ స్తంభాల మీద ఏటవాలుగా పడి, ప్రతి స్తంభం పక్కన పల్చటి నీడ. అంచుల దాకా ఎక్కడా మసక లేదు. గోడలు గీత గీసినట్టు నిటారుగా ఉన్నాయి. మా నాన్న బతికుంటే చూసి, ఏమీ అనకుండా తలాడించేవాడు. ఆయన దగ్గర అంతకు మించిన మెప్పు ఉండేది కాదు.

బాగుందని రాయబోయాను. చెయ్యి ఆడలేదు. ఫోన్ కింద పెట్టాను, మళ్ళీ తీశాను. అన్నం తింటూ చూశాను. ఎడంపక్క, కొల్లేటి వైపు గోడ దగ్గర ఏదో ఉంది, ఏమిటో తెలియడం లేదు. సాయంత్రం షట్టరు దించుతుంటే తట్టింది. ఆ గోడ పక్కన కరెంటు స్తంభం ఉంది. మొన్న సంక్రాంతి దాటాక నా కళ్ళ ముందే పాతారు, కొత్త సిమెంటు స్తంభం. ఫోటోలో అది కుడిపక్కకి ఒరిగిపోయి, తాగొచ్చినవాడిలా ఉంది.

స్తంభం ఒరగలేదు. గోడ ఎడమకి ఒరిగి ఉంటే, ఆ కుర్రాడు కంప్యూటర్లో పెట్టి దాన్ని నిటారుగా నిలబెట్టాడు. గోడతో పాటు పక్కనున్న స్తంభమూ జరిగింది. వాడి తప్పేమీ లేదు, మేమందరం చేసే పనే అది. మేడ ఫోటోలో గోడలు నిటారుగా లేకపోతే ఫోటో తెలియనివాడు తీశాడంటారు. కానీ ఆ ఫోటో చూసిన ఏలూరు పెద్దలు, అబ్బో ఈ మేడకేం లోటు, ఇంకో వందేళ్ళు ఉంటుంది అనుకుని పక్కన పెట్టేస్తారు. నాకు భయం వేసింది. పైన పటారం, లోన లొటారం, ఆ లొటారంలో మా అక్క కుర్చీ.

ఫోన్ చేసి ఇది పంపొద్దన్నాను. అక్క నిమ్మకు నీరెత్తినట్టు విన్నది. ఫోటో బాలేదా అని అడిగింది. బాగుంది, అదే సమస్య అన్నాను. నీకు ఏ ఫోటో నచ్చింది గనక, మా పెళ్ళి ఆల్బం చూసి కూడా ఏడ్చావుగా అని పెట్టేసింది.

తెల్లారాక ప్యాసింజరెక్కాను. ఏలూరు దాకా కిటికీ దగ్గర కూర్చోలేక, తలుపు దగ్గర నిలబడలేక, కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే ఎదుటి సీటు పెద్దాయన, ఆసుపత్రికాండీ అని అడిగాడు. కాదండీ, మేడకండీ అన్నాను. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏలూరులో బస్సు మారాను. ఊరు దగ్గరపడేకొద్దీ రెండు పక్కలా చేపల చెరువులే. ఒకప్పుడు అవన్నీ వరిపొలాలు. చుట్టూ నీళ్ళు నిలబెట్టాక మా ఊళ్ళో నేల వేసవిలో కూడా సరిగ్గా ఆరదు. ఆ మెత్తటి నేల మీదే దివాణం నిలబడి ఉంది.

గేటు దగ్గరే సున్నం వాసన కొట్టింది. చూద్దును కదా, దివాణం మొత్తం తెల్లగా మెరిసిపోతోంది, ఫోటోలో అది ఎండ మెరుపనుకున్నాను. గుమ్మానికి మామిడాకుల తోరణం, మెట్ల మీద ముగ్గు. నేను తిన్నగా కొల్లేటి వైపు గోడకి వెళ్ళి పగులు కోసం తడిమాను. లేదు. సిమెంటు కూరి, పైన సున్నం వేసేశారు.

మా వైపు ఇదొక జబ్బు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, ముందు సున్నం కొడతారు. ఇల్లు బాగుచేయమని అడగడానికి ఫోటో తీస్తున్నా సరే, కొట్టాకే తీస్తారు. క్లాసుకొచ్చే ఆడవాళ్ళే స్తంభాలు పంచుకుని, చీరలు దోపుకుని, స్వయంగా వేశారట. అక్క ఆ సంగతి ఎంత గొప్పగా చెప్పిందో. నా దగ్గర ఫోటో దిగడానికి వచ్చే పెళ్ళికూతుళ్ళ తల్లులు గుర్తొచ్చారు. మొటిమ కనపడకూడదమ్మా, కాస్త తెల్లగా రావాలమ్మా అంటూ వెనకాలే నిలబడతారు.

"అక్కా, నువ్వు పంపింది పెళ్ళిచూపుల ఫోటో. వాళ్ళకి కావలసింది ఎక్స్‌రే."

అక్క ముఖం ముడుచుకుంది. చిరిగిన చీరతో ఎవరి ముందుకైనా వెళ్తామా అని అడిగింది. ఆ సిమెంటు గోకించి పగులు బయట పెడదామని నేను అనేశాను, చుట్టూ ఎవరున్నారో చూసుకోకుండా. మిషన్ల చప్పుడు ఆగిపోయింది. మోచేతుల దాకా సున్నానికి చేతులు పొక్కిన ఆడవాళ్ళు నా వైపు చూశారు. ఒకావిడ మెల్లగా, మేం నాలుగు రోజులు చేశామండీ అంది. గోకితే నా మీద ఒట్టే అంది అక్క. అక్కడితో గోకుడు మాట పోయింది.

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. హాలు చుట్టూ తిరిగాను, మేడ మెట్లెక్కాను, దిగాను. చిన్నప్పుడు ఈ హాల్లోనే గోళీలు ఆడేవాళ్ళం. ఎటు వేసినా గోళీలు మెల్లగా కొల్లేటి వైపుకే దొర్లేవి. అది గోళీల మాయ అనుకునేవాళ్ళం. ఆ మాట తలచుకుంటూ టేబుల్ మీద చూస్తే లంగాల నాడాల చుట్ట కనపడింది, ఎర్రవి. పక్కనే గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర. నాడాలు ఒకదానికొకటి ముడేసి, చివర కత్తెర కట్టాను.

దివాణానికి లంగా నాడా కట్టి ఫోటో తీస్తావా అని అక్క నెత్తి కొట్టుకుంది. జమీందార్లు పైనుంచి చూస్తే ఏమనుకుంటారంది. ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే ఒకావిడ పైకెళ్ళి, వసారా చివర, గోడ పై అంచు మీద నాడా ఆనించి, రెండో చివర పిట్టగోడకి కట్టింది. కత్తెర కిందికి దిగింది. కాసేపు ఊగింది. ఆగింది.

పైన గోడకి ఆనుకున్న నాడా, కిందకొచ్చేసరికి గోడకి దూరంగా ఉంది. గోడ పైభాగం అంతా బయటికి వాలి ఉంది. తెల్లటి సున్నం మీద ఎర్ర నాడా ఎంత స్పష్టంగా ఉందంటే, ఇంక ఎవరికీ చెప్పాల్సిన పనిలేకపోయింది. అక్క గోడ దగ్గరికెళ్ళి, జాకెట్టు కొలిచినట్టు, దానికి బొటనవేలు ఆనించి చెయ్యి చాపింది. చిటికెనవేలు సరిగ్గా నాడాని తాకింది. నిండు జాన.

కెమెరా పైకెత్తి తీస్తే మంచి గోడ కూడా వాలినట్టే పడుతుంది. అందుకని ఎదురుగా చెరువుగట్టు ఎక్కి, దూరం నుంచి తీశాను. మబ్బుపట్టిన వెలుతురు, నీడల్లేవు, మేడ చప్పగా వచ్చింది. నాడా ముడులతో సహా పడింది. పక్కన కరెంటు స్తంభం మాత్రం నిటారుగా ఉంది. అక్క కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంత చెత్త ఫోటో నువ్వు తీయగా ఎప్పుడూ చూడలేదు," అంది. తర్వాత అంది, "ఇదే పంపు."

పంపాం. క్లాసు ఇంకో చోటికి మార్చమని బస్సెక్కేదాకా పోరాను. ఇంజనీరు వచ్చి చెప్తే చూద్దాంలే అంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి, ఇద్దరివీ అంతే, నాది కంగారు, ఆమెది నిమ్మళం. నాడా మటుకు విప్పనీయలేదు. కత్తెర పనికి కావాలని అది తీసి, దాని బదులు తాళంకప్ప కట్టించింది.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే అక్క ఫోటో ఒకటి పంపడం మొదలుపెట్టింది. గోడ, నాడా, మధ్యలో ఆమె చెయ్యి. ఒక చేత్తో కొలుస్తూ ఇంకో చేత్తో తీస్తుంది కాబట్టి ఏదీ తిన్నగా ఉండదు. సగం మసక, మూలన ఆమె వేలే అడ్డం. వేరెవరైనా పంపితే నవ్వేదాన్ని. నేను కాఫీ కూడా కలపకుండా ఆ రెండు వేళ్ళూ చూసేదాన్ని. అందుతున్నాయి. అప్పుడు కాఫీ.

ఏలూరు నుంచి కబురు రాలేదు. వాన వచ్చింది. మూడు రోజులు తాడేపల్లిగూడెంలో కూడా ఆగకుండా కురిసింది. నాలుగో రోజు వచ్చిన ఫోటో మిగతా వాటికంటే అధ్వాన్నంగా ఉంది. బొటనవేలు గోడ మీద ఉంది. చిటికెనవేలు గాల్లో ఉంది. నాడా ఇంకా అవతల ఉంది.

వెంటనే ఫోన్ చేశాను. అక్క ఎత్తింది. వెనకాల మిషన్ల చప్పుడు వినిపించింది. ఎక్కడున్నావని అరిచాను. నిన్న సాయంత్రమే మిషన్లన్నీ స్కూలు వరండాలోకి మోయించానని, దివాణం గేటుకి తాళం వేయించానని, ఇప్పుడు కేవలం కొలవడానికే బయట నుంచి వెళ్ళొచ్చానని మెల్లగా చెప్పింది.

"నేనంత పోరితే కదల్లేదు," అన్నాను.

"నీ ఫోటోలో అది దివాణం గోడే. నా ఫోటోలో నా చెయ్యి ఉంది. నిన్నే వేలు నాడాకి అందీ అందకుండా ఉంది, నీకు కనపళ్ళేదు గానీ."

అవును, నాకు కనపడలేదు. ఇన్నేళ్ళు ఫోటోలు చూసి బతుకుతూ అది పట్టుకోలేకపోయాను. నిన్నటిదీ ఇవాళ్టిదీ, ఆ రెండు ఫోటోలూ ఏలూరు సంఘానికి పంపమన్నాను. మసగ్గా ఉన్నాయి కదే, నవ్వుతారేమో అంది. ఇంతకీ ఇవాళ్టిది ఎలా వచ్చిందో చెప్పనేలేదే అని అడిగింది.

"బాగా వచ్చిందక్కా," అన్నాను. "చాలా బాగా వచ్చింది."