వెచ్చగా ఉండగానే

మా అత్త అన్న మాట నేను మర్చిపోలేదు. నేను పరిశోధనలో చేరిన వారానికి పక్కింటి ఆమెతో, నాకు వినపడేలా అంది: "రంగునీళ్ళలో గాజుముక్కలు నానబెట్టేదానికి మా కోడలికి ఇంకా చదువు కావాలంట."

అంతకన్నా నొప్పించే సంగతి, ఆ రంగు ఆమెదే. బోగోలు దగ్గరి సముద్రపు ఒడ్డున వాళ్ళింట్లో నూలు వలలుండే కాలంలో, ఉప్పునీళ్ళకు వల చివకకుండా తుమ్మచెక్క కషాయంలో ముంచేవాళ్ళు. చెక్క ఉడకబెట్టే పని ఆమెది. నేను ఎంచుకున్నదీ ఆ కషాయమే. అయినా మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెను సలహా అడగలేదు. చెక్క సైతం కావలిలో కొనుక్కున్నాను.

నా పని చెప్పుకుంటే చిన్నదే. గాజుపలక మీద టైటానియం ఆక్సైడ్ అనే తెల్లపొడిని ముద్దచేసి పూసి, కాల్చి, రంగులో నానబెడతాను. పొడి నిండా కంటికి కనపడని సందులుంటాయి. రంగు వాటిలోకి దిగి పొడిని అంటిపెట్టుకోవాలి. అప్పుడు వెలుగు పడితే రంగులోని ఎలక్ట్రాన్ పొడిలోకి దూకుతుంది, అక్కడినుంచి తీగలోకి పోతుంది, అదే కరెంటు. రంగు పోగొట్టుకున్నదాన్ని అయోడిన్ చుక్క తిరిగి తెచ్చిస్తుంది. పుస్తకంలో అంతే. నా పలకల మీద మాత్రం రంగు నిలిచేది కాదు. కడిగితే వెలిసిపోయేది, మీటరు సున్నా దగ్గరే కూర్చునేది.

మా గైడుగారు అందరి ముందు, "మీ ఊరి ఉప్పుగాలికి ఇనుమే నిలవదమ్మా, ఇంక మీ రంగా?" అన్నారు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. ప్రిన్సిపాల్‌గారికి ఫిర్యాదు రాశాను. జవాబు రాకపోతే మళ్ళీ రాశాను. వచ్చిన జవాబు ఒక్కటే: సోమవారం పని చేసే పలక చూపించకపోతే అంశం మార్చుకోవాలి.

ఆదివారం నాటికి రెండు పలకలు మిగిలాయి. కాలేజీకి తాళం. ఇంట్లోనే గ్యాసు పొయ్యి మీద మందపాటి పెనం పెట్టి ఒకదాన్ని కాల్చాను. తెల్లపూత గోధుమరంగుకు తిరిగి, మళ్ళీ తెల్లబడింది. ఎప్పటిలాగే సాయంత్రం దాకా చల్లారనిద్దామని వరండాలో పెట్టాను. వేడిమీద ముంచితే గాజు పగులుతుందని నా భయం.

అత్త చేపలు తోముతూ చూసింది.

"అదేందిమే, గాలికి పెట్టినావు?"

"చల్లారాలి."

"చల్లారిందాకా ఉంటే సముద్రపు గాలి తేమంతా అది తాగదా? కడుపు నిండినాక రంగెట్లా తాగుతాది? మేం వలని ఎండలోంచి తీసి, వెచ్చగా ఉండగానే ముంచేవాళ్ళం."

మూడేళ్ళ పంతం అంత సులభంగా పోదు. కానీ ఆ మాట నిజమని నాకు వెంటనే తెలిసింది. ఇంత తేమగాలిలో రంగు కూర్చోవలసిన సందుల్లో ముందే నీళ్ళు కూర్చుంటున్నాయి.

"పగిలితే, అత్తా?" అన్నాను. ఆ విషయంలో ఆమెను నేను అడిగిన మొదటి ప్రశ్న అది.

చెయ్యి కడుక్కుని వచ్చి, పలక పైన మణికట్టు ఆనీ ఆననట్టు పెట్టింది. "ఇంకాసేపు." కాసేపటికి మళ్ళీ పెట్టింది. "ఊఁ, ఇప్పుడు ముంచు. చంటిబిడ్డకి పోసే నీళ్ళంత ఉండాది."

ముంచాను. పగల్లేదు. సాయంత్రం తీసి కడిగితే రంగు చెదరలేదు, వాళ్ళ పాత వలల రంగే. మసి పూసిన మామూలు గాజుముక్కను మూతలా దానిమీద అతికించి, అయోడిన్ చుక్క వేసి, దిగుతున్న ఎండలో పెట్టాను. మీటరు మీద అంకె లేచింది.

అత్త అరచెయ్యి అడ్డం పెట్టింది. అంకె పడిపోయింది. తీసింది, లేచింది. చాలాసేపు అదే ఆట.

"నిద్రపోతా ఉండాది, లేస్తా ఉండాది," అంది, బిడ్డ గురించి చెప్పినట్టు. "ఎండబెట్టి ఎండబెట్టి నా చేతులు నల్లబడినాయి గానీ, ఈ రంగులో ఇది ఉండాదని ఎవురూ చెప్పలేదుమే."

ఆ చేతిని పట్టుకోవాలనిపించింది. పట్టుకున్నాను కూడా. చేపల వాసన.

సోమవారం గైడుగారు మీటరు వంక చూసి, "సరే, కొనసాగించండి" అన్నారు. బాగుందని అనలేదు. అదీ నాకు గుర్తుంటుంది.

అత్త ఊరంతా "నా వలరంగుతో కరెంటు" అని చెప్పింది. నా చదువు ఊసే లేదు. వారం తిరక్కముందే ఎండకు రంగు వెలిసి, అంకె పడిపోయింది. ఆ సాయంత్రం దిగులుగా ఇంటికి వస్తే, గుమ్మంలోనే తుమ్మచెక్క ఉడుకుతున్న వాసన.

"వలకైనా ఒక్కసారితో అయిపోతాదా? మళ్ళీ మళ్ళీ పెట్టాల్సిందే," అంది కుండ కలుపుతూ. "పో, ఆ మిగిలిన పలక కాల్చు. వెచ్చన నేను చూస్తాలే."

చేతిసంచి దించి, పెనం పెట్టాను.