గుంటమ్మ తల్లి పేరు కోసం పెనాంగు దాకా

ఈ ప్రయాణం క్లాంగ్ ఆస్పత్రిలో గుండె డాక్టరు గది బయట మొదలైంది. నర్సు "అప్పలనరసమ్మ" అని పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది. మా మామ్మ గోడమీద చేపల బొమ్మ చూస్తూ కూర్చుంది. మూడోసారికి నేనే చెయ్యెత్తాను. మామ్మని ఆ పేరుతో ఎవరూ పిలవరు. ఆ పేరు ఆమె ఐసీ మీద, అంటే గుర్తింపు కార్డు మీద మాత్రమే ఉంటుంది. అందరికీ ఆమె గుంటమ్మ. మా వైపు మాటలో గుంట అంటే ఆడపిల్ల. ఎనభై దాటిన మనిషికి ఇంకా అదే పేరు.

ఆపరేషన్ వచ్చే నెల అన్నారు. ఇంటికొచ్చాక మామ్మ పప్పు పోపు పెడుతూ చెప్పింది. "నేను పైకి పోతే మాయమ్మని ఎతుక్కోవాల. ఏటని పిలవాల? అమ్మా అని అరిస్తే అక్కడున్న ఆడోళ్ళందరూ తిరిగి సూస్తారు లా." మాట చివర మలయ్ వాళ్ళ లా తగిలించడం ఇక్కడ మా అందరికీ అలవాటే.

ఆమె తల్లి పురిట్లోనే పోయింది. ఏటా పెద్దల అమావాస్యకి మామ్మ అరిటాకు వేసి, చీర పెట్టి, పోయినవాళ్ళని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంది. తల్లి దగ్గరికొచ్చేసరికి "అమ్మా" అని ఊరుకుంటుంది. చిన్నప్పుడు అమ్మ పేరేమిటని తండ్రిని చాలాసార్లు అడిగిందట. అడిగినప్పుడల్లా ఆయన గడ్డం ఎత్తి ఆమె వైపు చూపించి, లేచి రబ్బరు చెట్ల మధ్యకి వెళ్ళిపోయేవాడట.

"నీ వల్లే కదా పోయినాది అని," అంది మామ్మ. "మరి అడగలేదు."

నేను పోర్ట్ క్లాంగ్‌లో ఒక గోడౌన్ ఆఫీసులో సరుకు జాబితాలు టైపు చేస్తాను. జాబితాల్లో వెతకడం ఒక్కటే నాకు బాగా వచ్చిన పని. మామ్మ తల్లిదండ్రులు కూలికి వచ్చి ఓడ దిగింది పెనాంగులో, ఆ ఓడల జాబితాలూ అక్కడే ఉన్నాయి. శుక్ర, శనివారాలు సెలవు పెట్టాను. కారణం దగ్గర "కుటుంబ విషయం" అని రాశాను. పెళ్ళిచూపులా అని ఆఫీసులో ముగ్గురు అడిగారు. కాదంటే నమ్మలేదు.

శుక్రవారం తెల్లవారి కొమ్యూటర్ రైల్లో కేఎల్ సెంట్రల్ స్టేషను, అక్కణ్ణుంచి బటర్‌వర్త్‌కి ఈటీఎస్ అనే ఎక్స్‌ప్రెస్ రైలు. కిటికీ సీటు కావాలంటే వారం ముందే కొనుక్కోవాలి. రైల్లో ఏసీ గట్టిగా ఉంటుంది, స్వెట్టరు తప్పదు. నా పక్క సీటాయన ఇపో దాకా నిద్రపోయి, లేచి, ఇపో దాటిందా అని అడిగాడు. ఇదే ఇపో అన్నాను. ఆ రోజు నేను ఇంటి బయట మాట్లాడిన మొదటి మాట అది. ఆయన దిగుతూ నాకు దణ్ణం పెట్టాడు.

బటర్‌వర్త్ నుంచి పెనాంగు దీవికి ఫెర్రీ రెండు రింగిట్లు. జార్జ్ టౌన్‌లో లిటిల్ ఇండియా పక్క వీధిలో, చీరల దుకాణం మీద గది తీసుకున్నాను. చౌక. కింద రాత్రి దుకాణం కట్టేసేదాకా పాటలు ఉంటాయి, నిద్ర తేలిగ్గా పట్టనివాళ్ళు వేరే చోట చూసుకోవడం మంచిది. నేను సంచిలోంచి పుస్తకం తీసి, పాటలు ఆగేదాకా చదువుకున్నాను.

శనివారం పొద్దున్నే పాత ఓడల జాబితాల నకళ్ళు ఉన్న చదువుగదికి వెళ్ళాను. పెన్ను తీసుకుపోకూడదు, పెన్సిలే. పెద్ద బల్లకి అవతల ఒక తెల్ల ముసలాయన కూర్చున్నాడు. నార్వే నుంచి వచ్చాడట. వాళ్ళ తాతగారి తమ్ముడు ఓడ ఇంజను మనిషిగా ఇటొచ్చి తిరిగి వెళ్ళలేదు. ఆయన దగ్గర వాళ్ళ ఊరి చర్చి పుస్తకం నకలు ఉంది. ఆ తమ్ముడి బాప్తిస్మం, తల్లి పేరు, తండ్రి పేరు, ఆ రోజు పక్కన నిలబడ్డ సాక్షుల పేర్లు, ఎవరు ఏ పొలం వాళ్ళో కూడా. మీ చర్చిలో అడిగారా అన్నాడు. మాకు గుడి అన్నాను. గుడిలో పుట్టినవాళ్ళ పేర్లు రాయరా అన్నాడు. చందా ఇచ్చినవాళ్ళవి రాస్తారని చెప్పాను.

భోజనం వేళకి మా ముత్తాత దొరికాడు. విశాఖపట్నం వైపు మనుషులతో వచ్చిన ఓడ. లచ్చన్న, కూలీ. తండ్రి పేరు, ఊరి పేరు మామ్మ చెప్పినవే. దిగి వెళ్ళిన రబ్బరు తోట హుటాన్ మెలింటాంగ్ దగ్గర, మామ్మ పుట్టిన తోటే. ఆ పంక్తి చివర "వెంట భార్య, ఒకరు" అని ఉంది.

పేరు లేదు. వయసు లేదు. మా ఆఫీసుకి ఇలాంటి పంక్తి వస్తే, వివరాలు చాలవని తిప్పి పంపిస్తాం.

నార్వే ఆయన ఆ కాగితం తనవైపు తిప్పుకుని చూశాడు. తర్వాత సారీ అన్నాడు, ఆ పంక్తి తనే రాసినట్టు. ఆయన మనిషి ఇంకా దొరకలేదు. ఇద్దరం బయటికెళ్ళి చెరో గ్లాసు చెండోల్, మంచు వేసిన కొబ్బరిపాల పానకం, తాగాం. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నాకు అది హాయిగా ఉంది.

ఇక మిగిలింది తోట. ఆదివారం పొద్దున్న బటర్‌వర్త్ నుంచి తెలుక్ ఇంతాన్‌కి బస్సు, అక్కడ ఊరి బస్సు మారి హుటాన్ మెలింటాంగ్. ఊరి బస్సు టైము బోర్డు మీద ఒకటి, డ్రైవరు నోట్లో ఇంకొకటి. డ్రైవరు చెప్పిందే నమ్మాలి.

దిగగానే ఎండుచేపల వాసన. తోటలోని తెలుగువాళ్ళు కట్టుకున్న రామాలయం తాళం పడవ ఇంజన్లు బాగుచేసే సింహాచలం అంకుల్ దగ్గర ఉంటుందని టీకొట్టులో చెప్పారు. మామ్మ ఆపరేషను సంగతి, వాళ్ళమ్మ పేరు సంగతి ఆయనకి చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుని వచ్చి, గుడి తెరిచి, పాత చందా పుస్తకం తీశాడు. "లచ్చన్న, కుటుంబం" అని ఉంది. ఓడలో ఒకరు, గుడిలో కుటుంబం.

"ఆడోళ్ళ పేరు ఎవులు రాస్తారమ్మా," అన్నాడు అంకుల్. "అయినా ఆపరేషనుకి ముందు ఈ పనేటి? ఆస్పత్రోళ్ళు అడిగినారా?"

మామ్మ అడిగిందని చెప్పాను. ఆయన పుస్తకం మూసేశాడు. ఆ తోట అమ్మేశాక జనం తలో దిక్కూ పోయారని, ఆ కూలీల లైను ఇళ్ళలో పెరిగినవాళ్ళు ఊళ్ళో ఒక్కరే మిగిలారని చెప్పాడు. సన్యాసమ్మ, తొంభై పైబడ్డాయి. "బైకెక్కు లా. అన్నం తిన్నాక పడుకుంటాది, లేపితే తిడతాది."

సన్యాసమ్మగారు వీధరుగు మీద చాప వేసుకుని ఎండు రొయ్యల తలలు తీస్తున్నారు. నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఎవుల గుంటవే?"

క్లాంగ్ గుంటమ్మ మనవరాలినని చెప్పాను.

"గుంటమ్మలు సానామంది."

లచ్చన్న కూతురు గుంటమ్మ అన్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి. "బతికే ఉందా? మా పక్కిల్లే. దాన్ని సంకనేసుకుని తిరిగినాను, నా నడుం అప్పుడే పోయినాది."

మామ్మ ఎందుకు పంపిందో చెప్పాను. ఇన్ని మాటలు ఒక్కసారి కొత్తవాళ్ళతో నేనెప్పుడూ మాట్లాడలేదు. అంకుల్ బైకు దగ్గరే నిలబడి వింటున్నాడు. ఆమె రొయ్యల గిన్నె పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టారు.

యుద్ధంలో జపాను వాళ్ళు ఈ దేశాన్ని ఏలిన కాలమట. బియ్యం లేక కర్రపెండలం తినే రోజులు. లచ్చన్న భార్య బిడ్డని కని, లేవకుండానే పోయింది. బిడ్డకి పేరు పెట్టే రోజు సన్యాసమ్మగారి తల్లి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, ఏం పేరు పెట్టమంటావు అని లచ్చన్నని అడిగింది. ఆయన నేలకేసి చూస్తూ, పోయిన ఆ మనిషి పేరే పెట్టండి అన్నాడు.

"పెళ్ళాం పేరు మొగుడు నోటితో అంటాడేటి? ఎవులూ అనరు. మాయమ్మే బిడ్డ సెవులో ముమ్మారు సెప్పినాది. తోట గుమాస్తాకీ ఆవిడే సెప్పి రాయించినాది. ఆయన మటుకు గుంటా గుంటా అని పిలిసీవోడు. ఆయన బాధ సూసి మేవూ అదే పిలిసినాం."

ఆ పేరేమిటి అని అడిగాను.

"మీ మామ్మ పేరేటో నీకు తెల్దా?"

తెలుసు. ఆస్పత్రి కార్డు నా సంచిలోనే ఉంది. "అప్పలనరసమ్మ," అన్నాను.

"అదే మరి," అని ఆమె మళ్ళీ రొయ్యల గిన్నె దగ్గరికి లాక్కున్నారు. ఇంకో రొయ్య తల తీస్తూ అన్నారు. "ఎవులైనా నీ ఆడదాని పేరేటని అడిగితే, గుంటకేసి ఇలా సూపించీవోడు. దాని పేరే అని."

గడ్డం ఎత్తి చూపించారు.

వచ్చేటప్పుడు ఒక పొట్లం రొయ్యలు కట్టి ఇచ్చారు. గుంటకి కూర వండి పెట్టమన్నారు. గుండె ఆపరేషన్ ఉన్నవాళ్ళకి ఉప్పు పనికిరాదని అనలేకపోయాను.

క్లాంగ్ బస్సు పెద్ద రోడ్డు మీద ఎక్కాలి. గంట ఆలస్యంగా వచ్చింది. ఎదురుచూస్తూ, ఇలా ఓడల వెంట బయల్దేరేవాళ్ళకి పనికొచ్చేవి డైరీలో రాసుకున్నాను. పెన్సిలు, స్వెట్టరు, చిల్లర. బయల్దేరే ముందు ఇంట్లో వాళ్ళ ఐసీ కార్డులు ఒకసారి చదవడం. జాబితాల్లో లేనిది జాబితా రాసినవాడికి అక్కర్లేనిది, అంతే. పోయిందని కాదు.

సీటు దొరికాక మామ్మకి ఫోన్ చేశాను. నా పక్కన ఒక మలయ్ ఆంటీ అరటి చిప్స్ తింటోంది. నేను గొంతు తగ్గించి మొత్తం చెప్పాను, వరసగా, గడ్డం దాకా. అవతల తమిళ సీరియల్ వినిపిస్తోంది. తర్వాత అది ఆగిపోయింది.

"గడ్డం ఎత్తింది పేరు సెప్పడానికా?" అంది మామ్మ.

"అవును మామ్మా."

"నా వల్లే అని కాదు."

"కాదు."

బస్సు ఒక వంతెన దాటింది. ఫోన్ కట్టయిందేమో అని తెర చూశాను. కట్టవలేదు.

"ఐతే అడిగినప్పుడల్లా సెప్పినాడన్నమాట," అంది. ఆ తర్వాత, "ఓపాలి పేరెట్టి పిలు," అంది.

పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకూడదని నాకు నేర్పింది ఆమే. అదే అన్నాను.

"నేనే సెప్తున్నాను కదే. పిలు."

మెల్లిగా అన్నాను. ఇనబడలేదు అంది. బస్సు నిండా జనం. నేను కిటికీ వైపు తిరిగి, గట్టిగా, "అప్పలనరసమ్మా" అన్నాను. మలయ్ ఆంటీ చిప్స్ నమలడం ఆపింది. ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగారు.

ఆస్పత్రిలో నర్సు మూడుసార్లు పిలిచినా పలకని మనిషి, ఈసారి వెంటనే "ఊఁ" అంది.