హనుమమ్మ వేయించిన చాటింపు

వీరేశం ఏనాడూ పెళ్లాం మీద చెయ్యెత్తలేదు. హుజూర్‌నగర్ పక్కనున్న ఆ ఊళ్లో అదే అతనికి మంచి పేరు. నోరు మాత్రం పొద్దున్నే, గొర్రెల దొడ్డి తడిక తీయకముందే లేచేది.

"ఏమే, గిది పప్పా, కాలువ నీళ్లా? నీ మొఖం చూస్తే గొర్లు గూడ మేత మానేస్తయి! నీ సంగతి ఊరంత చాటింపేయిస్త!"

హనుమమ్మ ఏళ్ల తరబడి అలవాటు పడిపోయింది. కానీ ఈమధ్య, పదో తరగతి చదివే కూతురు నాగరాణి బాపు ఇంట్లో ఉంటే పిల్లిలా నడుస్తోంది. పట్టీలు తీసి దాచేసింది. దగ్గొస్తే నోట్లో చున్నీ కుక్కుకుంటోంది. అది చూశాక తల్లికి అన్నం సయించలేదు. తిన్నగా పంచాయతీ చాటింపు వేసే ఇస్రాయేలు దగ్గరికి వెళ్లింది.

"తమ్మీ, చాటింపెయ్యాలె."

"ఏం దప్పిపోయిందక్కా? గొర్రెనా?"

"ఏం దప్పిపోలే. మా ఇంటాయన తిట్లు. రోజు ఏయిస్త అంటడు, ఏయియ్యడు. పాపం తీరిక లేదు."

ఇస్రాయేలు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. గడ్డిమంటకు డప్పు కాచాడు.

"ఇందుమూలంగా ఊరి జనానికి తెలియజేయునది ఏమనగా! వీరేశం ఇంట్ల పప్పు కాలువ నీళ్ల లెక్కుందహో! హనుమమ్మ మొఖం చూస్తే గొర్లు మేత మానుతయహో!"

కాసేపటికి సగం ఊరు ఆమె గుమ్మంలో ఉంది. పక్కింటి గుర్వమ్మ గిన్నె తెచ్చుకుని పప్పు రుచి చూసి, "గట్టిగనే ఉంది గదనే" అంటూ ఇంకో గరిటె వేయించుకుంది. సోమన్న తన పొట్టేలును లాక్కొచ్చి హనుమమ్మ ముఖానికి ఎదురుగా నిలబెట్టాడు. అది ఆమె కొంగు నమలసాగింది.

"మేస్తనే ఉందిరోయ్!" అని కేకేశాడు.

చాయ్ హోటల్ దగ్గర వీరేశాన్ని చుట్టుముట్టారు. "మామా, రేపేం తిడ్తవో ఇయ్యాల్నే జెప్పరాదు? మేకను తోలుకరావాల్నా, బర్రెనా?"

సాయంత్రం అతను పళ్లు కొరుకుతూ ఇంటికొచ్చాడు. "నా ఇజ్జత్ తీసినవు గదనే!"

"నీ మాటలే గదయ్యా. ఒక్కటి గూడ నేను కల్పలే."

"ఇంట్ల మాట ఇంట్లనే ఉండాలె!"

"ఇంట్ల పిల్ల ఉన్నది."

అతను నోరు తెరిచాడు. వీధిలోకి చూశాడు. మూసుకున్నాడు.

మర్నాటి నుంచి దొడ్లోకి పోయి గొర్రెలను తిట్టడం మొదలుపెట్టాడు. అవి నెమరు వేస్తూ వినేవి. మనిషి మారాడని హనుమమ్మ అనుకోలేదు. తిట్లు చోటు మారాయి, ప్రస్తుతానికి చాలు.

ఒక ఆదివారం ఆ తిట్లు గోడ దాటి లోపలికి వస్తుంటే, నాగరాణి గదిలోంచి అరిచింది. "బాపూ, జర మెల్లగ! చదువుకుంటున్న!"

హనుమమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. దొడ్లో గొర్రెలు కూడా చెవులు రిక్కించాయి.

"ఆఁ... సరే బిడ్డా" అని వినబడింది. ఆ తర్వాత వీరేశం ఒక పొట్టేలు చెవి దగ్గరికి వంగి, గుసగుసగా తిట్టసాగాడు.