ముడి ఊడలేదు, దారం తెగింది

ఒకసారి వాన వెలిశాక ఎవరిదో కారు బురదలో దిగబడితే, ముడిపిన్ని తన పూసల దారం నాలుగు పేటలు వేసి కట్టి లాగించిందట. కారు బయటికొచ్చింది గానీ ముడి ఇప్పటికీ బంపరుకే ఉందట. ఆ కారు ఎవరిదో చెప్పేవాడు లేడు. అయినా ఆ వీధిలో ఎవర్నడిగినా పక్కనే నిలబడి చూసినట్టు చెబుతారు.

అంత పేరు ఆవిడ ముడికి. క్రిస్టల్ బ్రేస్‌లెట్లు అమ్మే షాపులో వెనక గది ఆవిడది. గదంటే ఏముంది, ఒక కిటికీ, ఒక బల్ల, పూసలు దొర్లిపోకుండా బల్ల మీద పాత తువ్వాలు. ముందు కౌంటరు అక్కది. సొంత అక్కే. అమ్మ పోయాక పిన్నికి తల దువ్విన చెయ్యి అదే.

పిన్ని సాగే దారాన్ని కొత్తగా ఉండగా గుచ్చేది కాదు. పొద్దున్నే కిటికీ ఊచకి వేలాడదీసి కింద తాళంకప్ప కట్టేది. మధ్యాహ్నానికి దానికి సాగే సరదా తీరిపోయేది. అప్పుడు గుచ్చేది. "ముందే సాగనిస్తే తర్వాత వదులవ్వదు" అనేది.

అలాంటి చేతి సరుకు తెగడం మొదలైంది. ఒకటా రెండా! బస్సులో తెగినవి, బాత్రూంలో తెగినవి. ఒకావిడకైతే పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరిచి ఉండగా తెగి, పూస తిన్నగా నోట్లోకే పోయిందట.

వచ్చినవాళ్ళకి అక్క దగ్గర మందు సిద్ధం. "తెగిందా? అదృష్టవంతురాలివమ్మా! నీ మీదికి రావాల్సిన గండం అది మోసి తెగింది. ఆ పూసలు మళ్ళీ ముట్టుకోకు, మట్టిలో పాతెయ్యి. ఈసారి కాస్త లావు పూసలది తీసుకో."

ఏడుస్తూ వచ్చినవాళ్ళు నవ్వుతూ వెళ్ళేవాళ్ళు. వెనక గదిలో పిన్నికి మాత్రం తల కొట్టేసినట్టుండేది. గండం ఎవరిదైతేనేం, ముడి తనది కదా! "పిన్నికి చెయ్యి వణుకుతోందిట" అని ఎదురింటి టైలరన్న మాట ఆవిడ చెవిన పడనే పడింది. ఆ పేరొక్కటే ఆవిడ ఆస్తి. అది పోతే ఇంకేముంది?

ఒకరోజు అక్క భోజనానికి వెళ్తే కౌంటరులో పిన్ని కూర్చుంది. ఆసుపత్రి నర్సమ్మ వచ్చింది, తెగిన దారం, పూసలు కవరులో వేసుకుని.

"ఇదేనా పిన్నీ నీ ముడి? మా వార్డులో నేను కట్టే కట్టు నయం!"

"ఇలా తే. నోరు తర్వాత పారేసుకుందువుగాని."

ముడి చెక్కుచెదరలేదు. పూసలో దూరి హాయిగా కూర్చుంది. దారం ఇంకోచోట తెగింది. వదులై తెగితే కొస ఎలకతోకలా సన్నబడుతుంది. పూస కన్నం గరుకైతే పీచులు లేస్తుంది. ఇది రెండూ కాదు. సగం దాకా నున్నగా ఉంది, మిగతా సగమే చిరిగింది.

నర్సమ్మ వంగి చూసింది. "ఇది బ్లేడు పనే పిన్నీ. రోజూ టేపులు కోసేదాన్ని, నాకు తెలీదా? సగం కోసి వదిలేశారు."

పిన్ని నిన్న కట్టిచ్చినవి ట్రేలో ఉన్నాయి. ఒక్కోటీ సాగదీసి చూసింది. మూడింటికి పూసల మధ్య గాటు.

తప్పు తన ముడిది కాదని ముందు నవ్వొచ్చింది. తర్వాత తన చేతి బ్రేస్‌లెట్ తెగిన రోజు గుర్తొచ్చింది. పోయినేడు వేరే ఊరి పెద్ద షాపువాళ్ళు పని నేర్పడానికి రమ్మన్నారు. సరేనని చెప్పడానికి బయల్దేరితే గుమ్మంలోనే పిన్ని బ్రేస్‌లెట్ తెగింది. "వెళ్ళొద్దని చెప్తోందే అది!" అని అక్క గుండెలు బాదుకుంది. పిన్ని ఆగిపోయింది. గిరాకీకి తెగితే గండం పోయినట్టు, చెల్లికి తెగితే గండం వచ్చినట్టు!

ఆ దారం ఇంకా సూదుల డబ్బాలోనే ఉంది. తీసి కిటికీ వెలుగులో పెట్టింది. సగం నునుపు, సగం చిరుగు.

అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఏంటే ఆ పాత దారం?"

"గుమ్మంలో తెగిందే. అందర్నీ కోశావు, వ్యాపారం అనుకుంటాను. నన్నెందుకు కోశావక్కా?"

అక్క ట్రే సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది. "నువ్వు పోతే వెనక గదిలో ఎవరుంటారే?"

"ఉండమని అడిగితే ఉండేదాన్ని కదా."

పిన్ని నర్సమ్మ పూసలు గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, నెర్రె ఇచ్చినవి రెండు పక్కన పడేసి, కిటికీకి వేలాడుతున్న దారం తీసి గుచ్చింది. "పాతెయ్యక్కర్లేదు, ఏమీ లేదు. తెగితే కొస చూసుకో, కొత్త దారం వేయించుకో" అంది నర్సమ్మతో. మర్నాడు వెనక గది ఖాళీ.

నెల తర్వాత నర్సమ్మ వెతుక్కుంటూ ఆ పెద్ద షాపుకి పోయింది. పలకరింపు కూడా లేకుండా బ్లేడు సంగతి ఎత్తింది.

"బ్లేడేంటి?" అంది పిన్ని, తల ఎత్తకుండా. "మా అక్క కూరగాయలకే కత్తి పట్టదు. దారం పాతబడింది, తెగింది. నేనిక్కడికి గాలి మార్పుకొచ్చాను."

"నా కళ్ళారా చూశాను కదా పిన్నీ!"

"ఆ రోజు నువ్వు నిద్రమత్తులో ఉన్నావు. అలాంటిదేం జరగలేదు. చెయ్యి ఇలా పెట్టు, కొలత తీసుకోవాలి."