నీరుగంటి కాలేయం

చౌడప్ప ముప్పై ఏళ్లుగా మా ఊరి నీరుగంటి. కాలవ షట్టరు తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడుతుంది. ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో ఆయనదే మాట; ఎదురు చెబితే మన మడికి చివరి వంతు.

మొన్న కర్నూలులో ఆయన కాలేయంలోని గడ్డ కోసి తీశారు. మూడో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి.

"కోసేటప్పుడు కాలేయానికి రక్తం కాసేపు ఆపాం. మళ్లీ వదిలాక, ఆ వచ్చిన రక్తమే కొంత దెబ్బతీసింది. మెల్లగా తగ్గిపోతుంది," అని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది.

చౌడప్ప కుట్లు కూడా లెక్కచేయకుండా లేచి కూర్చున్నాడు.

"ఎండిన మడికి ఒక్కసారిగా షట్టరెత్తేస్తారామ్మా? జానెడెత్తి, నేల నానినాక ఇంకో జానెడెత్తల్ల! నన్నడిగింటే చెప్తాంటి గదా!"

"అప్పుడు మీరు మత్తులో ఉన్నారు, పెద్దాయనా."

ఆ పూటంతా వార్డుకు అదే పాఠం. చూడడానికి వచ్చిన మా ఊరి సుంకమ్మ, బత్తాయిల సంచి ఒళ్లో పెట్టుకుని అంతా విన్నది.

"పోయినేడు నా వరిమడికి నెల్లాళ్లు నీళ్లాపి, ఒక్కసారి షట్టరెత్తి గట్టు తెంపితివే, అప్పుడేమంటివప్పా?"

చౌడప్ప గోడవైపు తిరిగాడు.

"నీళ్లొచ్చినాయి, సంతోషపడు అంటివి. నీకూ రక్తమొచ్చిండాది గదా, సంతోషపడు," అని సుంకమ్మ లేచి, బత్తాయిల సంచి తీసుకునే వెళ్లిపోయింది.