ఇటు అంటే ఎటు?

పద్నాలుగేళ్ళుగా యూనివర్సిటీలో అకౌంటింగ్ చెబుతున్న ఆమెకు ఆవులింతల్లో రకాలు తెలుసు. మధ్యాహ్నం రెండింటికి కిటికీ పక్క బెంచీల నుంచి వచ్చేవి వానకు ముందు గాలిలా పొడుగ్గా, చల్లగా ఉంటాయి. ఈ ఏడు వాటితో తాడోపేడో తేల్చుకోవాలనుకుంది. నల్లబల్ల వదిలేసింది. నాటికలు వేయించింది, పందేలు పెట్టింది. ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చున్న అక్కను విద్యార్థిని చేసి, చేతులు ఊపుతూ సాధన చేసింది.

"నువ్వు చెప్పేది పాఠమా, కవాతా?" దారం కొస పళ్ళతో తెంపుతూ నవ్వింది అక్క.

అన్నిటిలోకీ ఆమెకు ముద్దొచ్చింది చేతుల పద్ధతి. "సంస్థకు వచ్చింది డెబిట్, ఇటు. పోయింది క్రెడిట్, అటు." ఖాతాలో డెబిట్ రాసేది ఎడమవైపు, క్రెడిట్ కుడివైపు; అందుకే ఇటు అన్నప్పుడు ఎడమ చెయ్యి, అటు అన్నప్పుడు కుడి చెయ్యి లేచేవి. ఎదురుగా యాభైనాలుగు మందీ చేతులెత్తేవారు. ఆ క్షణం గది గదంతా ఎగరబోతున్న కొంగల గుంపులా ఉండేది. ఆమెకు 'ఇటు-అటు మేడం' అని పేరు పడిపోయింది.

తీరా మొదటి పరీక్షలో ముప్పై ఒక్కరు తప్పారు. పేపర్లు దిద్దింది వేరేవాళ్ళు. ఆమెకు అందింది మార్కుల పట్టీ ఒక్కటే.

"ఆటపాటలు చాలమ్మా," అన్నారు విభాగాధిపతి, మెత్తగానే. "వచ్చే పరీక్షలో కూడా ఇంతే అయితే ఈ సెక్షన్ ఇంకొకరికి ఇవ్వక తప్పదు."



మర్నాడు తరగతి గది నేలమీద సుద్దతో పెద్ద గీత గీసింది. పిల్లలు గీతకు ఆ చివర, ఆమె ఈ చివర. 'కబుర్లపోగు' అని అందరూ పిలిచే అమ్మాయిని కుర్చీల ఖాతాగా నిలబెట్టింది.

"సంస్థ కుర్చీలు కొంది. నువ్వు ఎటు నడవాలి?"

కబుర్లపోగు దర్జాగా తన కుడిచేతి వైపుకు, గీత పక్కకు వెళ్ళి నిలబడింది.

"అయ్యో తల్లీ! వచ్చింది ఇటు కదా!"

"ఇటే వచ్చాను కదా మేడం! రోజూ మీ చెయ్యి లేచేది ఇటేగా!"

"ఎవరి ఇటు?" అన్నారు వెనక నుంచి ఎవరో. తరగతి గొల్లుమంది.

ఆమె నవ్వలేదు. గీత ఆ చివరకు వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడి, తాను రోజూ నిలబడే చోటును మొదటిసారి ఎదురుగా చూసింది. ఆ ఖాళీలో తన ఎడమ చెయ్యి లేస్తున్నట్టు ఊహించుకుంది. అది అద్దంలో బొమ్మలా వీళ్ళ కుడివైపు లేచింది.

సాయంత్రం పేపర్లు తెప్పించుకుని చూసింది. తప్పిన ముప్పై ఒక్కరివీ అంకెలన్నీ ఒప్పే. డెబిట్ కుడికీ క్రెడిట్ ఎడమకీ పోయాయి, అంతే. పుస్తకం తెరిచినవాళ్ళు గట్టెక్కారు. ఆమెను నమ్మినవాళ్ళు మునిగారు.

"సార్, తప్పు పిల్లలది కాదు, నాది," అని విభాగాధిపతికి జరిగిందంతా చెప్పింది. "వాళ్ళ మార్కులు కొట్టేసి మళ్ళీ పరీక్ష పెట్టండి. సెక్షన్ సంగతి మీ ఇష్టం."

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదమ్మా. ఇది రాసిస్తే మీ ఫైల్లో ఉండిపోతుంది."

"రాసే తెచ్చాను సార్."

ఆయన కళ్ళజోడు తీసి ఆ కాగితం దగ్గరగా పట్టుకుని చదివారు. "పరీక్ష మళ్ళీ పెడదాం. ముందు రేపు నేను మీ క్లాసులో కూర్చుంటాను," అన్నారు.

ఆ మర్నాడు ఆమె పిల్లలకు వీపు పెట్టి, వాళ్ళు చూసే గోడనే తానూ చూస్తూ నిలబడింది. "వచ్చింది ఇటు!" అంటూ చెయ్యెత్తింది. వెనక చొక్కాచేతుల గరగర, గాజుల చప్పుడు. ఎవరి చెయ్యి ఎటు లేచిందో ఆమెకు కనబడదు.

"సార్, అందరూ ఎటు ఎత్తారు?"

"ఇటే," అన్నారాయన ఆఖరి బెంచీ నుంచి.

"ఇటు అంటే?"

తరగతి విరగబడి నవ్వింది.

"ఎడమేనమ్మా, అందరిదీ ఎడమే! సెక్షన్ మీ దగ్గరే ఉంచుకోండి. ఇక చేతులు దించమనండి, నాకు భుజం లాగేస్తోంది."