అతుక్కున్న ఐసుముక్కలు

మా అక్కకు ఆకలికన్నా ముందు అనుమానం పుడుతుంది. పోయిన ఎండాకాలం తామరైపాక్కంలో ఆమె కోళ్లన్నీ తెగులుకు పోయాయి. మళ్లీ కోడిపిల్లల నుంచి పెంచి, ఈసారి ముందే టీకామందు కొన్నది. వాళ్ల ఫ్రిజ్ చెడిపోయిందని దాన్ని తిరువళ్లూరులోని మా ఫ్రీజర్‌లో పెట్టింది. పక్కనే ఒక కవర్లో విడివిడిగా ఐసుముక్కలు వేసి పోయింది. అవెందుకో నాకు తెలుసు. కరెంటు ఆగితే ముక్కలు కరుగుతాయి, తిరిగి వచ్చాక ఒకే గడ్డవుతాయి. మందు చెడిందని అలా కనిపెడతారు. మా ఇంట్లో నామీదే కాపలా పెట్టిందని ఒళ్లు మండింది.

నేను కె.జి.కండిగైలోని అత్తగారింటికి వెళ్లి వచ్చాక, అక్క వచ్చి కవరు తీసింది. ముక్కలన్నీ అతుక్కుని ఉన్నాయి.

"ఊరికి పోతా పోతా ఫ్రిజ్జు ఆపేసినావు గదా?"

"లేదక్కా, ఆపలా."

"మరి ఇదెట్లా అయింది? నిజం చెప్పే. నా కోళ్లు మళ్లీ చస్తే నేను యాడికి పోయేది?"

కాలేజీలో ఫిజిక్స్ చదివే మా అమ్మాయి మధ్యలో వచ్చింది. "పెద్దమ్మా, ఐసు లోపలుండే నీటి అణువుల్ని చుట్టూ ఉండేవి గట్టిగా పట్టుకోనుంటాయి. పైపొరలో ఉండేవాటికి పైన పట్టుకునేది ఏమీ లేదు. అందుకే అంత చలిలో కూడా అవి కుదురుగా ఉండవు, నీళ్లమాదిరి కదలతా ఉంటాయి. రెండు ముక్కలు తగిలితే, ఆ తగిలినకాడ గట్టిపడి అతుక్కుంటాయి. కరెంటు పోనక్కర్లా."

"మీయమ్మ నేర్పించిందా ఇదంతా?"

మరునాడు పొద్దున్నే అక్క తానే రెండు ముక్కలు ఆనించి లోపల పెట్టింది. స్విచ్చి మీద ప్లాస్టర్ అంటించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను కాఫీ ఇస్తే నా చేతుల వైపే చూసింది. సాయంత్రం తీస్తే రెండూ ఒకటయ్యాయి. ఎంత లాగినా ఊడలేదు. "సరేలే" అని, మందును ఫ్లాస్కులో సర్దుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. సాయానికి నేనూ వెంట వెళ్లాను.

తామరైపాక్కంలో నేను ఒక్కో కోడిని పట్టుకుంటుంటే ఆమె కంట్లో చుక్క వేసింది. అన్నీ అయ్యాక చూస్తే, ఆమె ప్రాణంగా చూసుకునే నల్లపెట్ట గంప కిందే ఉంది. గంప ఎత్తబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"దానికి ఈ మందు వద్దులే. వేరే మందు తెప్పిస్తా."

గంప వదిలేశాను. ఆమె ఇంకా నా చెయ్యి పట్టుకునే ఉంది. నాకు ఏడుపొచ్చింది.